జ్యూరీలో నా గుట్ట మాయమైంది (అర్బన్ డిజైన్ స్టూడియో గోడు)

స్కేలు_పెన్సిల్
ఎం.ఆర్క్ అర్బన్ డిజైన్, రెండో సెమిస్టర్. కాలేజీ పేరు అడగొద్దు, మా సార్లు కూడా ఇక్కడ తిరుగుతుంటారు.

స్టూడియోకి (డిజైన్ ప్రాజెక్టు క్లాసు) ఇచ్చిన సైటు బెజవాడకి ఉత్తరాన, సింగ్‌నగర్ దాటి నున్న వెళ్ళే వైపు. 180 ఎకరాలు. పర్యావరణానికి భారం కాని నివాస ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ వెయ్యాలి. ఆరు వారాలు కంటి మీద కునుకు లేకుండా చేశాను. 30 శాతం పచ్చదనం, సైకిల్ దారులు, ప్రతి కప్పు మీద సోలార్, మధ్యలో ఒక చెరువు. ఈశాన్యం మూల కాంటూర్లలో (ఒకే ఎత్తున్న చోట్లని కలిపే గీతలు) చిన్న గుట్ట కనిపిస్తే దాని మీద వ్యూ పాయింట్ పెట్టి, చుట్టూ మెట్లు మెట్లుగా ఇళ్ళు దింపాను. మొత్తం ఎనిమిది ఏ1 షీట్లు. ప్రింట్లకే 2,400 వదిలాయి.

నిన్న జ్యూరీ, అంటే షీట్లు పెట్టి పెద్దల ముందు వివరించే పరీక్ష. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన మిగతా షీట్లు చూడనైనా చూడకుండా గుట్ట మీద వేలు పెట్టి, "ఇదెక్కడుంది? నేను ఆ రోడ్డున ముప్పై ఏళ్ళుగా తిరుగుతున్నా, ఎప్పుడూ ఎక్కే పని పడలేదే" అన్నారు. కాంటూర్ మ్యాపు చూపించాను. ఆయన నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. రెండో ప్రశ్న: "ఈ చెరువులోకి నీళ్ళెట్లా వస్తాయి?" వర్షం పడితే వస్తాయి అన్నాను. మూడో ప్రశ్న లేదు.

సైటు చూడకుండా చేశానని అనుకోకండి. క్లాసంతా బస్సులో వెళ్ళాం, ఒక పూట ఉన్నాం. గుట్ట కనపడలేదన్నది నిజమే, చెట్ల వెనకాల ఉందేమో అనుకున్నాను. కంప్యూటర్లో ఉన్న గుట్ట నేల మీద ఎందుకు లేదు? నాలుగు వారాల్లో ఫైనల్. అసలు మాస్టర్ ప్లానింగ్ అనేది కాలేజీలో కూర్చుని నేర్చుకునే విద్యేనా?

జ్యూరీ_బాధితుడు
బస్సులో కిటికీ పక్క సీటు దొరికిందా కనీసం?

స్కేలు_పెన్సిల్
నడవ పక్కది.

జ్యూరీ_బాధితుడు
అదీ సంగతి. మా బ్యాచ్‌లో ఒకడు ఉత్తరం గుర్తు తిరగేసి పెట్టాడు. పడమర పొద్దు పొడిచే టౌన్‌షిప్ అని ఇప్పటికీ ఏడిపిస్తాం. వాడిప్పుడు పెద్ద ఆఫీసులో ఉన్నాడు, మేం వాడికి రెజ్యూమెలు పంపిస్తున్నాం. దిగులు పడకు.

వైజాగ్_గాలి
నిజం చెప్పనా, ఇది జ్యూరీ తప్పు. ఎనిమిది షీట్లు చేసిన పిల్లని ఒక్క గుట్ట మీద తీసి పారెయ్యడం ఏంటి? స్టూడియోలో చూడాల్సింది ఆలోచన. సైటు కొలతలు సర్వేయర్ చూసుకుంటాడు. నేను ఆరేళ్ళుగా కన్సల్టెన్సీలో చేస్తున్నా. వెయ్యి ఎకరాల ప్లాన్‌కి మూడు వారాలు ఇస్తారు. క్లయింటు చూసేది రెండర్, అంటే కంప్యూటర్లో తీసిన అందమైన బొమ్మ. చెట్లు, సైకిల్ మీద ఒక ఆమె, గాలిపటం ఎగరేసే పిల్లాడు. అవి లేకపోతే మీటింగ్ టీ దాకా కూడా రాదు.

రాస్టర్_రాజు
ఆగండాగండి. అమ్మాయ్, ఆ కాంటూర్లు ఏ డేటా నుంచి తీశావు?

స్కేలు_పెన్సిల్
క్యూజీఐఎస్‌లో (మ్యాపుల సాఫ్ట్‌వేర్) ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల డేటా దించుకుని 1 మీటర్ కాంటూర్లు తీశాను. మా సీనియర్లందరూ అదే వాడారు.

రాస్టర్_రాజు
దొరికాడు దొంగ.

ఎస్‌ఆర్‌టీఎం అంటే ఏంటో సీనియర్లు చెప్పినట్టు లేరు. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. నీ చేతికొచ్చే డేటాలో 30 మీటర్లకి ఒక గడి. ఆ గడి మొత్తానికి ఒకటే ఎత్తు. అందులోనూ కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. దాని మీంచి 1 మీటర్ కాంటూర్ తియ్యడం అంటే ఇసుక లారీ తూచే కాటా మీద బంగారం తూచినట్టు. సాఫ్ట్‌వేర్ వద్దనదు. పావు మీటరు కాంటూర్ అడిగినా నవ్వుతూ గీసి ఇస్తుంది. కొండ ప్రాంతాల్లో ఈ తేడా పెద్దగా తెలీదు. బుడమేరు వాగు చుట్టుపక్కల లాంటి బల్లపరుపు నేల మీద ఆ తేడాయే గుట్టలు, గుంటలుగా తయారవుతుంది.

ఇంకొకటి. ఆ రాడార్ నేల దాకా దిగదు. గుబురుగా చెట్లుంటే ఆకుల మీదే ఆగిపోయి అదే నేల అనుకుంటుంది. ఇప్పుడు చెప్పు, నీ సైటు ఎక్కడ? నున్న. నున్న అంటే ఏం గుర్తొస్తుంది?

జ్యూరీ_బాధితుడు
మామిడికాయల మార్కెట్టు.

జ్యూరీ_బాధితుడు
ఓరి దేవుడా. మామిడితోట మీద వ్యూ పాయింట్ పెట్టిందా.

రాస్టర్_రాజు
2000లో అక్కడ తోట ఉండి ఉండాలి. ఇప్పుడుందో లేదో తనే వెళ్ళి చూడాలి. నా పందెం అదే.

స్కేలు_పెన్సిల్
ఇప్పుడక్కడ ఖాళీ ప్లాట్లు, రాళ్ళు పాతి ఉన్నాయి. చెట్లు కూడా లేవు. అంటే పాతికేళ్ళ కిందటి తోటకి నేను మెట్లు కట్టానా?

జ్యూరీ_బాధితుడు
చెట్లకి పునర్జన్మ ఇచ్చావ్. ఇంతకన్నా పర్యావరణ డిజైన్ ఏముంటుంది?

మున్సిపల్_మామయ్య
టౌన్ ప్లానింగ్‌లో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. వైజాగ్ గాలి గారు చెప్పింది ఆఫీసుల్లో జరిగే మాటే, కాదనను. కానీ రెండర్‌లో గాలిపటం ఎగరేసే పిల్లాడికి ఇల్లెక్కడో ఎవరూ అడగరు. మా టేబుల్ దగ్గరికి వచ్చేది వాళ్ళ నాన్న, చేతిలో దస్తావేజు పట్టుకుని.

అమ్మా, నువ్వు చెయ్యాల్సిన మొదటి పని రెవెన్యూ వాళ్ళ గ్రామపటం సంపాదించడం. తర్వాత ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ స్కెచ్‌లు, అంటే ఒక్కో నంబరు హద్దులు కొలతలతో గీసిన కాగితాలు. వాటిలో జంట గీతలు కనిపిస్తాయి. కొన్ని డొంకలు, కొన్ని పుంత దారులు, కొన్ని పంటబోదెలు, కొన్ని మురుగు కాలువలు. వాగు పోరంబోకు విడిగా ఉంటుంది. ఇప్పుడు నేల మీద అవేవీ కనపడకపోవచ్చు, పూడ్చేసి ఉంటారు. కానీ వానొచ్చినప్పుడు నీళ్ళకి గ్రామపటం గుర్తుంటుంది. నీ ప్లాన్ మీద ఆ జంట గీతలు ట్రేసింగ్ కాగితం పెట్టి దించు. నీ రోడ్లు వాటిని ఎన్నిచోట్ల అడ్డంగా కోశాయో లెక్కపెట్టు. ఆ లెక్కే నీ మార్కులు.

రెండోది రంగుల సంగతి. కాలేజీలో పసుపు అంటే నివాసం, నీలం వాణిజ్యం, ఊదా పరిశ్రమ, ఎరుపు ప్రభుత్వ, ప్రజావసరాలు, ఆకుపచ్చ పార్కులు అని చెప్తారు. పరీక్ష రాస్తారు, మర్చిపోతారు. 2023 జనవరిలో కామారెడ్డిలో ఏమైందో చదివావా? ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో సాగుభూముల్ని ఇండస్ట్రియల్ జోన్‌లో చూపించారని రైతులు రోడ్డెక్కారు. ఊరు అట్టుడికిపోయింది. చివరికి ముసాయిదాని రద్దు చెయ్యాలని మున్సిపాలిటీ తీర్మానం చేసింది. అక్కడ ఎవరూ ఇటుక కూడా పెట్టలేదు. కాగితం మీద రంగు పడింది, అంతే. ఆ రంగు పడ్డ రోజు నుంచి ఆ పొలానికి కొనేవాడు రాడు, ఆ ఇంట్లో పెళ్ళి ఆగుతుంది.

వైజాగ్_గాలి
@మున్సిపల్_మామయ్య సార్, మీరు చెప్పేదంతా అనుభవం ఉన్నవాళ్ళకి. రెండో సెమిస్టర్ పిల్లకి ఎఫ్‌ఎంబీలు తెమ్మంటే డిజైన్ ఎప్పుడు నేర్చుకోవాలి? రేపు ఇంటర్వ్యూలో పుంత దారి ఎక్కడుందని అడగరు, రైనో వచ్చా, రెండరింగ్ వచ్చా అని అడుగుతారు. నా కింద చేరిన జూనియర్లలో ముందు నిలబడింది సాఫ్ట్‌వేర్ వచ్చినవాళ్ళే.

మున్సిపల్_మామయ్య
నిలబడ్డారు, సరే. వాళ్ళు గీసిన టౌన్‌షిప్పులు నిలబడ్డాయా?

వైజాగ్_గాలి
హుద్‌హుద్ వచ్చిన రోజు, 2014 అక్టోబర్ 12న, మీ రూల్స్ ప్రకారం కట్టిన బిల్డింగుల అద్దాలు కూడా రాలాయి సార్. పాపమంతా రెండర్లకి కట్టకండి.

జ్యూరీ_బాధితుడు
పాప్‌కార్న్ ఎవరికి కావాలి?

ఇరానీ_చాయ్
మామయ్య చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. గని చెర్వు ముచ్చట ఎవ్వరు తియ్యలే. పాపా, చెర్వు నడుమల పెట్టినవ్ సరే, దానికి అలుగేది (నిండినంక నీళ్ళు పొర్లె తోవ)? తూమేది (నీళ్ళు ఇడిశె తోవ)? మా దిక్కు ఊర్లల్ల చెర్వు ఒంటరిగ ఉండది. మీది చెర్వు నిండితే మత్తడి దుంకుతది, ఆ నీళ్ళు కింది చెర్వుకు వోతయ్. గొలుసుకట్టు చెర్వులంటరు. కాకతీయుల కాలం సంది గదే లెక్క. నువ్వు గీసింది చెర్వు కాదు, స్విమ్మింగ్ పూల్.

1908ల మూసీ వరదొచ్చి హైద్రబాద్ పట్నంల వేలమంది సచ్చిపోయిండ్రు. నిజాం సర్కారు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన నది ఒడ్డుకు తోటలు గీసి ఊకోలే. వరద పట్నంల పుడతలేదు, మీదికెల్లి వస్తున్నది, గాడనే ఆపాలన్నడు. 1920ల ఉస్మాన్‌సాగర్, 1927ల హిమాయత్‌సాగర్ తయారైనయ్. సైటు బయట డిజైన్ చేసిండు చూడు, గది మాస్టర్ ప్లాన్. 2020 అక్టోబర్‌ల మళ్ళ కాలనీలకు కాలనీలు మునిగినయ్, ఎందుకంటే చెర్వు శిఖంల, అంటె నీళ్ళు నిలిచె జాగలనే ప్లాట్లు కొట్టిండ్రు. మా మేనమామ ఇల్లు గూడ గందులనే. కొనెటప్పుడు లేక్ వ్యూ అన్నరట.

జ్యూరీ_బాధితుడు
వ్యూ అయితే నిజమే కదా. హాల్లోకే వచ్చింది.

ఇరానీ_చాయ్
నవ్వుడు కాదు భై. ఫ్రిజ్జు తేలింది.

చలిదేశం_చంద్రిక
స్టుట్‌గార్ట్‌లో మాస్టర్స్ చేస్తున్నా. నీళ్ళ గురించి అందరూ చెప్తున్నారు, నేను గాలి గురించి చెప్తా.

ఈ ఊరు గిన్నెలాంటి లోయలో ఉంటుంది. గాలి పెద్దగా ఆడదు. రాత్రిపూట చుట్టూ కొండవాలుల మీద చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అదే ఈ ఊరికి ఊపిరి. ఆ జారే దారులన్నీ మ్యాపుల్లో గుర్తించి పెట్టుకున్నారు. వాటికి అడ్డం వచ్చే కట్టడాల విషయంలో చాలా గట్టిగా ఉంటారు. 1938లోనే ఈ నగరపాలక సంస్థ ఒక వాతావరణ శాస్త్రవేత్తని ఉద్యోగంలో పెట్టుకుంది. ఊరికి ఇంజనీరు ఉన్నట్టే వాతావరణానికి ఒక మనిషి.

మొదటి స్టూడియోలో నేనూ మనవాళ్ళందరిలాగే నైరుతి నుంచి నీలం బాణాలు మూడు గీసి "ప్రివెయిలింగ్ విండ్ (ఎక్కువగా వీచే గాలి)" అని రాశాను. ప్రొఫెసర్ బాణం చూసి, "ఇది ఎన్నింటికి వస్తుంది?" అన్నారు. ఏ టైముకో తెలీదు. రాత్రి పదకొండుకి థర్మామీటర్ ఇచ్చి వాలు మీద నిలబెట్టారు. పైన ఒకచోట, వంద మెట్లు కింద ఒకచోట. చేతి మీద తెలిసింది ఆ గాలి. చేతులు కొంకర్లు పోయాయి అనుకోండి, అది వేరే విషయం.

కాకపోతే ఒక్క మాటకి అడ్డం వస్తున్నా. తిరిగితే చాలు అన్నట్టు మాట్లాడుతున్నారు అందరూ. తిరిగితే ఒక రోజు కనిపిస్తుంది. ముప్పై ఏళ్ళ వర్షం లెక్క, గాలి లెక్క తిరిగితే కనపడవు. రాస్టర్ రాజు గారి డేటా తప్పు కాదు, వాడిన చోటు తప్పు.

గేట్_గండం
అక్కా, అక్కడ ఫీజు ఎంత? ఐఈఎల్‌టీఎస్ ఎంత అడిగారు? పోర్ట్‌ఫోలియో ఎన్ని పేజీలు?

చలిదేశం_చంద్రిక
ఈ రాష్ట్రంలో యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. మిగతాది మెసేజ్ పెట్టు, ఇక్కడ గుట్ట పంచాయితీ నడుస్తోంది.

రాస్టర్_రాజు
చంద్రిక గారు చెప్పింది ఒప్పుకుంటున్నా. డేటాకి ఏ పని చేతనవునో ఆ పనే చెప్పాలి. స్కేలు పెన్సిల్, మీ కాలేజీలో సర్వే ల్యాబ్ ఉంటే ఆటో లెవెల్ (ఎత్తు తేడాలు చూసే దుర్భిణి), స్టాఫ్ (అంకెలున్న కొలకర్ర) అడిగి తీసుకెళ్ళు. గట్ల మీద నడుస్తూ 50 మీటర్లకి ఒక స్పాట్ లెవెల్. ఇద్దరు మనుషులు, రెండు రోజులు, నాలుగు లీటర్ల మజ్జిగ.

తుళ్ళూరు_తమ్ముడు
మాది అమరావతి రాజధానిలో ఊరు. మా నాన్న పూలింగ్‌లో (భూమి ఇచ్చి బదులు ప్లాట్లు తీసుకునే పద్ధతి) ఎకరంన్నర ఇచ్చాడు. కాబట్టి మాస్టర్ ప్లాన్‌ని కింద నుంచి చూసినవాణ్ణి నేను.

217 చదరపు కిలోమీటర్ల నగరం. సింగపూర్ వాళ్ళు ప్లాన్ ఇచ్చారు. రైతులు దాదాపు 34 వేల ఎకరాలు పూలింగ్‌కి ఇచ్చారు. మెట్ట ఎకరానికి 1,000 గజాలు ఇంటి స్థలం, 250 గజాలు వాణిజ్య స్థలం. జరీబుకి (నది పక్కన నీటి వసతి ఉన్న భూమి) 1,000, 450. ఎకరా 4,840 గజాలు కదా, అంటే మెట్టకి నాలుగో వంతు పైన, జరీబుకి 30 శాతం తిరిగొచ్చింది. మిగతా అంతా రోడ్లు, పార్కులు, ప్రభుత్వం, నగరం. ఈ లెక్క క్లాసులో ఎవరైనా చెప్పారా మీకు? 180 ఎకరాల్లో 30 శాతం పచ్చదనం అని రాశావు, బానే ఉంది. రోడ్లు తీసెయ్, బడి తీసెయ్, చెరువు తీసెయ్. భూమి ఇచ్చినవాడికి ఎన్ని గజాలు మిగిలాయి? అది తేలకుండా ఎవడూ సంతకం పెట్టడు.

ఇంకో ప్రశ్న. మీ షీట్ల మీద ఊరంతా ఒకే రోజు పూర్తయిపోయి ఉంటుంది. మా దగ్గర 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన జరిగింది. 2019 తర్వాత పనులు ఆగాయి. 2024లో మళ్ళీ కదిలాయి. మధ్యలో మేం బతికాం కదా, ఆ ప్లాన్ లోపలే. సగం వేసిన రోడ్డు మీద మిరపకాయలు ఆరబెట్టుకుని. నీ ప్లాన్‌లో మొదటి రోడ్డు ఏది? రెండో దశ ఇరవై ఏళ్ళు రాకపోతే మొదటి దశలో ఉన్నవాళ్ళకి నీళ్ళెక్కడివి, బడెక్కడ?

మున్సిపల్_మామయ్య
ఈ అబ్బాయి పోస్టుని ప్రింటు తీసి స్టూడియో గోడకి అంటించాలి.

వైజాగ్_గాలి
ఇది ఒప్పుకుంటా. దశలవారీ ప్లాన్ మేం కూడా చివరి రోజు రాత్రి మూడు రంగుల్లో చేసి పెడతాం. ఎవరూ అడగరు కాబట్టి.

చుక్క_లెక్క
నీటిపారుదల మనిషిని. ఇంతమంది మాట్లాడారు, చెరువు ఎంత ఉండాలో ఒక్కరూ చెప్పలేదు.

180 ఎకరాలు అంటే సుమారు 7,28,000 చదరపు మీటర్లు. ఒక రోజు 100 మిల్లీమీటర్ల వాన అనుకుందాం, బెజవాడకి అది వింతేం కాదు. పడిన నీరు 72,800 ఘనపు మీటర్లు. పొలంగా ఉన్నప్పుడు అందులో 0.3 వంతు బయటికి పారుతుందనుకో, 21,840. నువ్వు కట్టాక, కప్పులూ సిమెంటూ కలిపి 0.8 అనుకో, 58,240. తేడా 36,400 ఘనపు మీటర్లు. ఇది కొత్తగా నువ్వు పుట్టించిన వరద. కింద ఉన్న సింగ్‌నగర్ వాళ్ళ మీదికి తోసెయ్యకుండా నీ దగ్గరే ఆపాలంటే, మీటరున్నర లోతున 24,300 చదరపు మీటర్ల గుంట కావాలి. అంటే 6 ఎకరాలు.

నీ చెరువు ఎంత?

స్కేలు_పెన్సిల్
ఎకరం ముప్పావు. మధ్యలో దీవి కూడా ఉంది.

చుక్క_లెక్క
దీవి తీసెయ్ ముందు. తర్వాత పార్కింగుల్లో, సందుల్లో నీరు ఇంకేలా చేసి 0.8ని 0.6కి దించగలిగితే 3.6 ఎకరాలు చాలు. పర్యావరణ డిజైన్ అని మీరు షీటు మీద రాసుకునే మాటకి విలువ ఇక్కడ ఎకరాల్లో తెలుస్తుంది. ఇవి చేతిలెక్కలు. అసలు డిజైన్‌కి గంట గంటకీ వాన తీవ్రత కావాలి. స్టూడియోకి ఇది చాలు.

జ్యూరీ_బాధితుడు
నేను ఎం.ఆర్క్ పూర్తి చేసి నాలుగేళ్ళయింది. ఈ లెక్క ఇవాళ మొదటిసారి చూస్తున్నా. ఎవరికీ చెప్పకండి.

స్కేలు_పెన్సిల్
పన్నెండు రోజుల తర్వాత వచ్చాను. పెద్ద పోస్టు, ఓపిక చేసుకోండి.

నేనూ, రూమ్మేటూ ఆటో లెవెల్ పట్టుకుని మూడు రోజులు తిరిగాం. (రాజు గారూ, రెండు రోజులు చాలలేదు. మజ్జిగ ఎనిమిది లీటర్లు.) ఈశాన్యం మూల నుంచి దక్షిణం చివర దాకా మొత్తం తేడా 1 మీటరు 10 సెంటీమీటర్లు. గుట్ట లేదు. ప్లాట్ల రాళ్ళ దగ్గర గేదెల్ని మేపుకునే తాత కనిపిస్తే అడిగాను, ఇక్కడ ముందు ఏముండేదని. "బంగినపల్లి తోటమ్మా, పెద్ద తోట. కొట్టేసి పదిహేనేళ్ళ పైనైంది" అన్నాడు. రాజు గారు పందెం నెగ్గారు. నేను మొబైల్లో కాంటూర్ మ్యాపు తీసి ఇదిగో తాతా మీ తోట అని చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "ఇదంతా తోట కాదు, ఈ చివర నాలుగు చెట్లు మా బావవి" అన్నాడు.

గ్రామపటం దొరికింది. మామయ్య గారు చెప్పిన జంట గీతలు నా సైటులో మూడు. ఒకటి పంటబోదె, ఇప్పటికీ ఉంది, జమ్ము పట్టి. ఒకటి డొంక, దాని మీదే ఇప్పుడు తారు రోడ్డు. మూడోది దక్షిణం వైపు మురుగు కాలువ, సగం దూరం కనిపించి తర్వాత ఒక గోడ కింద మాయమవుతుంది. నా రోడ్లు వాటిని 14 చోట్ల కోశాయి.

గోడ అవతల ఇంట్లో మంచినీళ్ళు అడిగితే పిన్నిగారు లోపలికి రమ్మన్నారు. 2024 సెప్టెంబర్ 1 నాటి బుడమేరు వరద గుర్తు గోడ మీద అలాగే ఉంది, గోధుమరంగు గీత, స్విచ్‌బోర్డు పైన. సున్నం రెండుసార్లు వేయించినా మళ్ళీ బయటపడుతోందట. టేపు పెట్టి కొలిచాను, నేల నుంచి 4 అడుగుల 7 అంగుళాలు. ఎదురింటివాళ్ళు ఆ తర్వాత పాత ఇల్లు పడగొట్టి పునాది నాలుగడుగులు లేపి కట్టుకుంటున్నారు. "వాళ్ళ వాకిట్లో నీళ్ళు ఇప్పుడు మా వాకిట్లోకి. మేము లేపితే మా వెనక వాళ్ళకి" అన్నారావిడ. నా షీట్లలో ఇళ్ళన్నిటికీ పునాది ఎత్తు ఒకటే పెట్టాను, కింద వీధి ఎంత ఎత్తున ఉంటుందో అసలు రాయలేదు.

ఇప్పుడు చెరువు దక్షిణానికి జరిగింది, బోదె వచ్చి మురుగు కాలువలో కలిసేచోటికి. బయటికి పారే నీటి వంతు 0.7 దగ్గర ఆగింది, అంతకన్నా తగ్గించలేకపోయాను, కాబట్టి 4.8 ఎకరాలు. చిక్కేంటంటే ఆ మూల 11 మంది చిన్న రైతులది, ఒక్కొక్కరికీ అరెకరం లోపే. వాళ్ళ భూమంతా చెరువుకే పోతుంది. ఏం చెయ్యాలి?

తుళ్ళూరు_తమ్ముడు
వాళ్ళొక్కళ్ళ భూమే పోకూడదు. 180 ఎకరాలూ కలిపి పూల్ చెయ్. చెరువు అందరి వరదా ఆపుతోంది కదా, అందరూ ఇవ్వాలి. 4.8ని 180కి పంచితే ఎకరానికి రెండున్నర సెంట్ల పైన. అది ఎవరూ కాదనరు. ఆ 11 మందికి ప్లాట్లు ఎత్తులో ఇవ్వు, రోడ్డు ముఖం ఉన్నవి. గుజరాత్‌లో టౌన్ ప్లానింగ్ స్కీముల్లో చేసేది ఇంచుమించు ఇదే.

మున్సిపల్_మామయ్య
"ఎవరూ కాదనరు" అన్న మాట ఒక్కటి తీసెయ్ తమ్ముడూ. మిగతా అంతా కరెక్టు. 31 ఏళ్ళలో ఎవరూ కాదనని లేఅవుట్ నేను చూళ్ళేదు. అభ్యంతరాలు, సూచనలకి గడువు ఇచ్చేది అందుకే. అమ్మా, నీ షీటు మీద ఆ అభ్యంతరాలకి కూడా ఒక పెట్టె గియ్యి.

ఇరానీ_చాయ్
అలుగు ఎటు దిక్కు పెట్టినవ్?

స్కేలు_పెన్సిల్
ఆగ్నేయానికి. మురుగు కాలువలోకి, అక్కణ్ణుంచి బుడమేరుకి.

ఇరానీ_చాయ్
ఇగ గిప్పుడు చెర్వు అయింది.

స్కేలు_పెన్సిల్
ఫైనల్ జ్యూరీ అయింది. అదే పెద్దాయన వచ్చారు. ఈసారి అయిదే షీట్లు, ఒక్క రెండర్ (వైజాగ్ గాలి గారి కోసం, గాలిపటం పిల్లాడితో సహా). మొదటి షీటు మీద పిన్నిగారి గోడ సెక్షన్ (నిలువుగా కోసినట్టు చూపే బొమ్మ) 1:20లో గీశాను, 4 అడుగుల 7 అంగుళాల గీతతో. ఆయన దాని ముందే పది నిమిషాలు నిలబడ్డారు.

తర్వాత అడిగారు: "బుడమేరు నిండి ఉన్నప్పుడు నీ అలుగు ఎటు పారుతుంది?"

చెప్పలేకపోయాను. 2024లో జరిగింది అదే కదా. కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బుడమేరు నీళ్ళు బయటికి పోయే దారి లేదు. అప్పుడు నా 4.8 ఎకరాలు నిండిపోయి వెనక్కి తంతాయి. ఆయన "సరే, ఇది నీ ఒక్కదాని ప్రశ్న కాదు" అని వెళ్ళి కూర్చున్నారు. బి ప్లస్ వచ్చింది. థీసిస్ ఆ ప్రశ్న మీదే చేద్దామనుకుంటున్నా. చుక్క లెక్క గారూ, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

చుక్క_లెక్క
చూశా. ఆదివారం మాట్లాడదాం. మైలవరం కొండల నుంచి కొల్లేరు దాకా మ్యాపు దగ్గర పెట్టుకో. 180 ఎకరాల షీటు మడిచి లోపల పెట్టు.

వైజాగ్_గాలి
గాలిపటం పిల్లాడికి థాంక్స్. వాడికి ఇల్లెక్కడ ఇచ్చావు?

స్కేలు_పెన్సిల్
ఆ 11 మందిలో ఒకరి మనవడు. ఎత్తులో ప్లాటు.

గోదారి_గట్టు
చర్చ మొత్తం చదివాను, బాగుంది. నాక్కూడా స్టూడియో సైటు ఇచ్చారు, భీమవరం పక్కన 90 ఎకరాలు. కాంటూర్లు తీస్తే రెండు గుట్టలు వచ్చాయి. ఒకదాని మీద గుడి పెడదామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?

రాస్టర్_రాజు
భీమవరంలో గుట్టలు.

జ్యూరీ_బాధితుడు
కొబ్బరితోటలు. పైకెక్కితే బొండం కూడా దొరుకుతుంది.